మోటారు సైకిలుకి రాగి గొట్టం

మొన్న మా ఇంట్లో ఏసీ బిగించడానికొచ్చిన కుర్రాడు హాల్లో చాప పరుచుకుని రాగి గొట్టానికి అతుకు పెట్టాడు. నేను వంటింట్లో ఉన్నాను. వేడెక్కిన రాగి వాసన, దానిమీద కరిగే వెలిగారం ఘాటు ముక్కుకి తగలగానే చేతిలో గరిటెతో హాల్లోకి పరిగెత్తాను. "ఏమైంది మేడమ్?" అని అతను కంగారుపడ్డాడు. ఏమీ కాలేదు నాయనా, నీ పని నువ్వు కానియ్యి అని చెప్పి గోడకి ఆనుకుని నిలబడిపోయాను. ఆ పూట పప్పు మాడింది. మా ఆయన దాన్ని మాట్లాడకుండా తిన్నాడు, అదో విశేషం.

ఆ వాసన ఒక వానాకాలమంతా మా బట్టలకీ, జుట్టుకీ, చివరికి అన్నానికీ పట్టి ఉండేది. భిలాయిలో, సెక్టర్ ఏడులో మా క్వార్టరు వెనకాల నాన్న వేసుకున్న రేకుల షెడ్డు ఉండేది. వాన పడితే అందులో మాట వినపడేది కాదు. అక్కడే ఆయన మోటారు సైకిలు ఇంజను తలా, మొండెం విడివిడిగా గోనెపట్టాల మీద పడుకుని ఉండేది.

నాన్న అక్కడి ఉక్కు ప్లాంటులో పైపు ఫిట్టరు. రైలు పట్టాలు తయారయ్యే మిల్లు కింద, నేలమాళిగలాంటి గదిలో నూనె పంపులుండేవి. పైనున్న యంత్రాలకి నూనె మోసే గొట్టాలన్నీ ఆయన చేతిమీద ఉండేవి. ఆయన పెట్టిన అతుకు కారదని మిల్లులో పేరు. ఇంటికొచ్చాక కూడా ఆ పేరు ఆయనతోనే ఉండేది. వంటింట్లో కుళాయి బొట్టు కారితే నాన్నకి నిద్రపట్టేది కాదు.

ఆ ఏడు వానలు వెళ్ళేసరికి ఆయనకి రిటైర్మెంటు. క్వార్టరు ఖాళీ చెయ్యాలి. వైశాలి నగర్లో కట్టుకుంటున్న ఇల్లు అప్పటికింకా కిటికీలు లేకుండా నోరు తెరుచుకుని నిలబడి ఉంది. దాంతో ఇంట్లో ఎవరికీ ఒకచోట కాలు నిలిచేది కాదు. అమ్మ పెద్ద ట్రంకుపెట్టెలో ఇత్తడి సామాను సర్దేది, సాయంత్రానికి ఏదో గిన్నె కావాలని అంతా బయటికి తీసేది, మర్నాడు మళ్ళీ సర్దేది. నాన్న షెడ్డుకీ వీధి గుమ్మానికీ మధ్య తిరిగేవాడు. నా సంగతి చెప్పనే అక్కర్లేదు. పుట్టినప్పట్నుంచీ కాలుగాలిన పిల్లినే, దానికి తోడు పదిహేనేళ్ళ వయసు. స్కూలు మారుతుందా, స్నేహితులు దూరమవుతారా, అసలు ఈ ఊళ్ళోనే ఉంటామా అని అడిగినవాళ్ళనే అడిగి చంపేదాన్ని.

ఆదివారాలు మావైపు పెద్దవాళ్ళంతా మా వరండాలో చేరేవారు. విజయనగరం వాళ్ళు, శ్రీకాకుళం వాళ్ళు, అందరూ కుర్రతనంలో ప్లాంటుకొచ్చి ఇక్కడే జుట్టు నెరిపించుకున్నవాళ్ళు. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, ఆవనూనె కలిపిన మరమరాలు, అక్కడి మాటలో ముర్రా, నములుతూ ఒకటే చర్చ చేసేవారు: రిటైరయ్యాక ఊరెళ్ళాలా, ఇక్కడే ఉండాలా? ఊళ్ళో గుర్తుపట్టేవాడెవడని ఒకరు, ఇక్కడ కాటికి మోసేవాడెవడని ఇంకొకరు. నాన్నతో ఒకేసారి ఉద్యోగంలో చేరిన ఒక మావయ్య ఆ తగువు ఇలా తేల్చాడు. "అక్కడికెలితే మనల్ని భిలాయోళ్ళంటారు, ఇక్కడుంటే ఆంధ్రావోళ్ళంటారు. మనదే ఊరో టికెట్టు కలెక్టరే చెప్పాల." అందరూ నవ్వారు గానీ ఆ నవ్వు తొందరగా ఆగిపోయింది.

ఇంతకీ ఆ మోటారు సైకిలు. యుద్ధంనాటి విదేశీ బండి. పెళ్ళి కాకముందు నాన్న మిలిటరీ వేలంలో కొన్నాడట. నాకు ఊహ తెలిసేసరికే అది కదలడం మానేసింది. అప్పట్నుంచీ ఏడాదికో భాగం చొప్పున బాగుచేస్తూ వచ్చాడు. పిస్టను మంచం కింద, గేర్లు బియ్యండబ్బా వెనక, క్లచ్చు ప్లేట్లు దేవుడి గూటి కింద ఉండేవి. అమ్మ ఊడ్చేటప్పుడల్లా చీపురికి ఏదో ఒకటి తగిలేది. ఇల్లు మారే మాట రాగానే ఆవిడ తీర్పు చెప్పేసింది.

"దాని కాళ్ళమీద అది నడిసొస్తే రమ్మనండి. నేదంటే పాత ఇనుము కొనే కబాడీవోడికి ఇచ్చీడమే. కొత్తింటికి ఇనపముక్కలు మోసుకొస్తే నేను గడప తొక్కను."

అమ్మ మాటంటే మాటే. నాన్న వాదించలేదు. ఇంజను దాదాపు అయిపోయింది, మిగిలింది నూనె గొట్టం ఒక్కటే అన్నాడు.

ఆ గొట్టం కథ ఏమిటంటే, ఆ బండిలో నూనెకి వేరే డబ్బా ఉంటుంది. పంపు అందులోంచి నూనె తోడి ఇంజనులోకి కొడుతుంది. సన్నటి గొట్టం ఒకటి కింద నుంచి ఇంజను నెత్తిమీదకి వెళ్ళి, అక్కడ టకటకమని కొట్టుకునే మీటలకి నూనె అందిస్తుంది. అసలు గొట్టం ఎప్పుడో పోయింది. ఎవరో మెకానిక్కు స్కూటరు రబ్బరు పైపు కట్టాడు, అది వేడికి కరిగింది, పైన మీటలు నూనె లేక అరిగిపోయాయి. బండి ఆగిపోయింది అందుకే. ఆ గొట్టం రాయపూర్ పాత సామాన్ల బజారులో కూడా దొరకలేదు. ఇక చేసుకోవాల్సిందే.

ప్లాంటులో అలాంటివి కోకొల్లలు. నాన్న మాత్రం గేటు దాటించి ఒక వాషరు కూడా తెచ్చేవాడు కాదు. పాత ఫ్రిజ్జులు విప్పేవాడి దగ్గర రాగి గొట్టం సంపాదించాడు. గొట్టం పై చివర ఒక ఇత్తడి ఉంగరం ఉండాలి, దానిలోంచి బోల్టు దూరి ఇంజనుకి బిగుస్తుంది. ఉంగరం చేయించడానికి నెహ్రూ నగర్ వైపున్న లేత్ షాపుకెళ్ళాం. అక్కడి భయ్యా నమూనా చూపించమన్నాడు. నమూనా ఉంటే మేమెందుకొస్తాం? నాన్న నన్ను ఇంటికి పంపి ముల్లంగి తెప్పించాడు. పులుసులోకని అమ్మ తీసిపెట్టుకున్నది, నేను చెప్పకుండా పట్టుకొచ్చాను. చాకుతో దాన్ని చెక్కి, ఎంత మందం ఉండాలో, కన్నం ఎక్కడ రావాలో చేసి చూపించాడు నాన్న. భయ్యా ముల్లంగిని వెలుతురులో అటూ ఇటూ తిప్పి, ఇంతకంటే మంచి డ్రాయింగ్ ప్లాంటువాళ్ళు కూడా ఇవ్వరని హిందీలో పొగిడి లేత్ దగ్గరికి వెళ్ళాడు. ఆ రోజు మా ఇంట్లో ముల్లంగి లేని ముల్లంగి పులుసు.

గొట్టాన్ని వంచడం ఇంకో భాగవతం. ఉత్తినే వంచితే నొక్కుకుపోతుంది. లోపల పొడి ఇసుక కూరి, రెండు చివర్లా కొయ్యబిరడాలు కొట్టి వంచాలి. కొత్తింటి దగ్గర ఇసుక గుట్ట ఉంది. కానీ అందులో గులకరాళ్ళు. జల్లించాలంటే జల్లెడ కావాలి. నాన్న నా వైపు చూశాడు, నేను వంటింటి వైపు చూశాను. ఆ వారం పూరీలు కరకరలాడాయి. పిండి మిల్లువాడు రాయి సరిగా వెయ్యలేదని అమ్మ వాడింటికెళ్ళి మరీ దులిపేసి వచ్చింది. మేమిద్దరం తలొంచుకుని తిన్నాం.

గొట్టం వంచే ముందు ఎర్రగా కాల్చి నీళ్ళబకెట్లో ముంచేవాడు. చుయ్యిమని ఆవిరి లేచేది. అలా ముంచితే గట్టిపడిపోదా అని అడిగాను, స్కూల్లో చదివింది గుర్తొచ్చి.

"అది ఉక్కు తల్లీ. ఉక్కు ముంచితే గట్టిపడతాది. రాగి మెత్తబడతాది," అన్నాడు. తర్వాత వంటింటి వైపోసారి చూసి గొంతు తగ్గించాడు. "ఇంట్లో రెండూ ఉన్నాయి మనకి."

ఉంగరాన్ని గొట్టానికి అతకడం దగ్గర మాత్రం నవ్వులు ఆగిపోయాయి. ఆ ఉంగరంలో నూనె వెళ్ళే కన్నం కావాలనే చాలా సన్నగా పెట్టాడు, ఎక్కువ నూనె పైకి పోకూడదని. ఇత్తడి కడ్డీ కరిగించి అతుకు పెట్టేటప్పుడు కరిగింది చుట్టూ పారాలి గానీ కన్నంలోకి పారకూడదు. మొదటిసారి ఒకవైపే పట్టింది. రెండోసారి ఉంగరం వంకరగా కూర్చుంది. ఆ తర్వాత కడ్డీ చివర ఉంగరానికి తగలకుండా గాల్లో వణకడం చూశాను. నాన్న కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు, మళ్ళీ తీశాడు. ఇదివరకు ఇలాంటివి కళ్ళు మూసుకుని పెట్టేవాణ్ణని తనలో తనే గొణుక్కున్నాడు.

నాకప్పుడు భయం వేసింది. అంతవరకూ బండి గురించే అనుకున్నాను. నాన్న చూసుకుంటున్నది బండిని కాదు, తన చేతిని. ప్లాంటు పంపించేస్తున్న ఆ చేతిలో ఇంకా పనితనం ఉందా లేదా అని ఆ చిన్న ఉంగరం మీద పరీక్ష పెట్టుకున్నాడు. అయిందా, ఇంకా కాలేదా అని ప్రాణం తీసేదాన్ని, ఆ రోజు నుంచీ అడగడం మానేశాను. అడక్కుండా ఉండటం నాకు ఎంత కష్టమో అమ్మకే తెలియాలి.

విశ్వకర్మ పూజకి ముందురోజు సాయంత్రం అతుకు కుదిరింది. ఉంగరం చుట్టూ ఇత్తడి సన్నటి పోగులా సమంగా కూర్చుంది. గొట్టం రెండో చివరని నట్టు పట్టేలా గరాటు మూతిలాగా వెడల్పు చేశాడు. కిరసనాయిలుతో కడిగి, మూతి నోట్లో పెట్టుకుని బుగ్గలు పొంగించి ఊదాడు. ఉంగరం దగ్గర పెట్టిన నా అరచేతికి గాలి తగిలింది. బిగించేముందు ఊదని గొట్టం, కోసి చూడని వంకాయ ఒకటేనని నాన్న సామెత. అది ఆయన సొంత కల్పనో, మిల్లులో అందరూ అనేదో నాకు తెలీదు.

భిలాయిలో విశ్వకర్మ పూజంటే మిగతా ఊళ్ళ దసరా. ఆ రోజు ఎవరూ పనిముట్టు ముట్టుకోరు. రెంచి నుంచి రోలింగు మిల్లు దాకా అన్నిటికీ బొట్టు, పువ్వు. మా షెడ్డులో కూడా పీట వేసి, పసుపు రాసి, ఇంజను ముందర పనిముట్లన్నీ పేర్చాం. రాగి గొట్టాన్ని ఉంగరం కిందకి, గరాటు మూతి పైకి వచ్చేలా ఇంజనుకి ఆనించి నిలబెట్టాడు నాన్న. కుంకుమ బొట్టు, బంతిపూలు, కొబ్బరికాయ, అగరొత్తులు. మా పూజ అంతే. అక్షింతలు కలపడం మా ఇద్దరికీ చేతకాదు. అమ్మని పిలిస్తే ఇనపముక్కలకి దణ్ణం పెట్టనంది. తలకి ఆవనూనె పట్టించుకుని పడుకుంది, తలనొప్పట.

ఆ ఒక్క రోజు ప్లాంటులోకి కుటుంబాలని రానిచ్చేవారు. మేమిద్దరం వెళ్ళాం. నాన్న పనిచేసే గదిలో పంపులన్నీ దండలు వేసుకుని పెళ్ళిపీటల మీద కూర్చున్నట్టున్నాయి. బూందీ, ఖిచిడీ పంచారు. ఆయనతో పనిచేసేవాళ్ళు వచ్చి, వచ్చే పూజకి మీరుండరు కదా అన్నారు. నాన్న ఒక గొట్టం మీద చెయ్యి వేసి, అతుకు తడిమి, వేళ్ళు చూసుకున్నాడు, తడి ఉందేమోనని. తర్వాత పద పద అని తొందరపెట్టి బయటికి తీసుకొచ్చేశాడు.

మర్నాడు డ్యూటీ దిగి రాగానే గొట్టం అందుకున్నాడు. ఊదు నాన్నా అన్నాను. తల అడ్డంగా ఊపాడు. పూజ జరిగిన వస్తువు, ఎంగిలి చెయ్యకూడదన్నాడు. మొన్న ఊదిందే కదా, నిన్న ఎవరూ ముట్టుకోలేదు కదా అన్నాడు. కళ్ళకద్దుకుని బిగించేశాడు.

బండి అంత సులువుగా స్టార్టవుతుందని ఇద్దరం అనుకోలేదు. కిక్కు కొట్టగా కొట్టగా ఒక్కసారి దగ్గి, షెడ్డంతా పొగ కక్కి, ధనాధనా మొదలైంది. రేకులు అదిరాయి. మా క్వార్టర్ల లైన్లో పిల్లలంతా గోడెక్కారు. నేను గెంతాను, అరిచాను, హిందీలో ఏదేదో వాగాను. నాన్న మాత్రం పానా తీసుకుని ఇంజను నెత్తిమీద ఉంగరం బోల్టు కాస్త వదులు చేశాడు. అక్కడ నూనె ఊరాలి. ఊరలేదు. ఇంకాస్త వదులు చేశాడు. పొడిగా ఉంది. పైన మీటల చప్పుడు గరుకుగా మారుతోంది. నాన్న ఇంజను ఆపేశాడు.

గొట్టం విప్పి ఊదాడు. బుగ్గలు ఉబ్బాయి గానీ గాలి ఇటు రాలేదు. ఉంగరం దగ్గరే, సరిగ్గా అతుకు దగ్గరే మూసుకుపోయింది. నాన్న బోర్లించిన బకెట్ మీద కూర్చున్నాడు.

"నా చెయ్యి పోయినాది తల్లీ. మొన్న ఊదినపుడే సగం మూసుకుని ఉంటాది, నాకు తెలీనేదు. ఇత్తడి లోపలికి పారిపోయినాది."

పానాలు ఒక్కొక్కటీ తుడిచి పెట్టెలో పెట్టి మూత వేశాడు. మీ అమ్మ చెప్పినట్టే కానియ్యి, కబాడీవాడు వస్తే కేకెయ్యి అన్నాడు. ఏడ్చినా బాగుండేది. అలా మామూలుగా చెప్పడం నేను భరించలేకపోయాను.

కూర్చోవడం నా వల్ల కాలేదు. సైకిలు బ్రేకు తీగ తెచ్చి ఉంగరం కన్నంలోంచి లోపలికి పొడిచాను. గట్టిగా ఇత్తడి తగులుతుందనుకున్నాను. మెత్తగా ఏదో కదిలింది. మళ్ళీ పొడిచి, గరాటు మూతిని కిందకి తిప్పి తట్టాను. నూనె బొట్టుతో పాటు నా అరచేతిలో ఒక బియ్యపు గింజ పడింది. పసుపు రాసిన బియ్యపు గింజ. గరాటు మూతిలో పడి, లోపల కూర్చుని, నూనె తోసుకొస్తే వెళ్ళి ఆ సన్న కన్నానికి అడ్డం పడింది.

మా ఇంట్లో అక్షింతలు కలిపేది ఒక్కరే.

నాన్న దాన్ని తన అరచేతిలోకి తీసుకుని కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూశాడు. లేచి వంటింటి గుమ్మం దగ్గరికెళ్ళాడు. అమ్మ అరటికాయ కూరకి ఆవ నూరుతోంది. చెయ్యి చాపి చూపించాడు. అమ్మ పొత్రం ఆపింది.

"మీరు ప్లాంటుకెళ్ళాక ఏసినాను," అంది. నాన్న చెయ్యి అలాగే చాపి ఉంచాడు. అమ్మే మళ్ళీ అంది. "అది నడవకూడదని ఉంది నాకు. నడవాలనీ ఉంది. ఏటి చెయ్యను మరి? మీరు దాని దగ్గర కూర్చుంటే ఎవులి మీదా కోపం రాదు మీకు. రేపు డ్యూటీ నేకపోతే ఎక్కడ కూర్చుంటారో అని దణ్ణం పెట్టినాను."

ఆవిడ తిట్లకి సిద్ధమై నిలబడింది, నేను కూడా. నాన్నకి ఆ మాటలు సగమే చెవిన పడ్డట్టున్నాయి. గింజనే చూస్తున్నాడు.

"అయితే అతుకు బాగానే ఉన్నాదన్నమాట," అన్నాడు.

అమ్మకి అప్పుడర్థమైంది. షెడ్డులో అన్న మాట కిటికీలోంచి ఆవిడకీ వినపడే ఉంటుంది. ఆవ అంటిన చేత్తోనే నాన్న మణికట్టు పట్టుకుంది. మా ఎదుట ఆవిడ ఆయన్ని అలా ముట్టుకోవడం నేనెప్పుడూ చూడలేదు.

"ఒక్క బియ్యపు గింజకి ఇన్నేళ్ళ చెయ్యి పోతాదేటండీ? ఎల్లండి, ఊది బిగించండి. ఎంగిలైతే నేను కడుగుతాను."

నాన్న ఊదాడు. బిగించాడు. వదులు చేసిన బోల్టు పక్కనుంచి నూనె మెల్లగా ఊరి, తేనెలా జారింది. నాన్న నవ్వుతూ ఏడ్చాడు. ఆ ఏడుపుని పొగ మీదకి నెట్టేశాడు.

దసరా వెళ్ళాక ఇల్లు మారాం. సామానంతా లారీకెక్కించడం అమ్మే దగ్గరుండి చూసుకుంది. ఆవిడ సర్దుడు చూసి కూలీలు విసుక్కున్నారు. మంచాలు క్యాబిన్ నెత్తిమీద కట్టించింది, బీరువాని పక్కకి తిప్పించింది, బియ్యండబ్బాలు ఒకదానిమీదొకటి పేర్పించింది. ఎవరేం చెప్పినా వినలేదు. అంతా అయ్యాక డ్రైవరు పక్కన ఎక్కి కూర్చుంది. నాన్నా నేనూ మోటారు సైకిలు మీద. అది నిజంగానే తన కాళ్ళమీద తను బయల్దేరింది. సెక్టర్ ఏడు గుమ్మాల్లో నిలబడి అందరూ చూశారు. లారీ మమ్మల్ని దాటిపోవాలి కదా, దాటలేదు. దారి పొడుగునా హారను కొట్టకుండా మా వెనకే నత్తనడక నడిచింది. నేను వెనక్కి తిరిగి చూసినప్పుడల్లా కిటికీలోంచి అమ్మ తల కనిపించేది.

బండి ఎక్కడా ఆగలేదు. కొత్తింటి ముందు నాన్న స్టాండు వేసి, చేతులు దులుపుకుని, సామాను దించడానికి లారీ వెనక్కి వెళ్ళాడు. డ్రైవరు వెనక తలుపు దించాడు. నాన్న అక్కడే ఆగిపోయాడు. ఏమైందోనని నేనూ వెళ్ళాను.

బీరువాకీ బియ్యండబ్బాలకీ మధ్య, తలుపు దగ్గర్నుంచి లోపలి దాకా ఖాళీ వదిలి ఉంది. కింద గోనెసంచులు పరిచి ఉన్నాయి. పక్కన ఎక్కించడానికి ఒక చెక్క పలక, కట్టడానికి తాళ్ళు. మోటారు సైకిలు పట్టేంత ఖాళీ.

అమ్మ అప్పటికే లోపలికెళ్ళిపోయి, పాలు పొంగించడానికి ఇటుకలు సర్దుతోంది. మమ్మల్ని కేకలేస్తోంది, ఇంకా ఏం చేస్తున్నారని.

నాన్న పోయి చాలా ఏళ్ళయింది. అమ్మ కూడా లేదు. బండి ఎవరో ముచ్చటపడితే ఇచ్చేశాం. నేను ఎన్ని ఊళ్ళు తిరిగానో, ఎన్ని ఇళ్ళు మారానో లెక్క చెప్పలేను. ఇప్పటికీ ఒకచోట కాలు నిలవదు. ఇల్లు మారిన ప్రతిసారీ లారీ తలుపు దించగానే ముందు లోపలికి తొంగి చూస్తాను. సామాను గోడ నుంచి గోడదాకా నిండి ఉంటుంది, నేనే అలా సర్దిస్తాను, ఎక్కడా జానెడు చోటు మిగలదు.